హాస్టల్ అన్నం, పేగు గోడ: 'ఫుడ్ పాయిజన్' అన్న మాట వెనుక ఏం జరుగుతోంది?

సంక్షేమ హాస్టల్లోనో గురుకులంలోనో పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలైతే మర్నాడు వచ్చే వార్త దాదాపు ఒకేలా ఉంటుంది. ఎంతమంది పిల్లలు, ఏ ఆస్పత్రి, ఏ అధికారి పరామర్శించారు, ఏ వంటమనిషిని తొలగించారు. 'ఫుడ్ పాయిజన్' అన్న ఒక్క మాటతో వార్త ముగిసిపోతుంది. ఏ క్రిమి వల్ల జరిగింది, అది అన్నంలోకి ఏ దారిన వచ్చింది, పిల్లల పేగుల్లో ఏం చేసింది అన్న సంగతులు ఎక్కడా కనిపించవు. పిల్లలు డిశ్చార్జి అవుతారు. కొన్నాళ్లకు ఇంకో జిల్లా నుంచి అదే వార్త వస్తుంది.

2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో రోజుల వ్యవధిలోనే మళ్లీ పిల్లలు అనారోగ్యం పాలయ్యారు. విషయం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. అదే ఏడాది ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాల ఘటన ఒక ప్రాణాన్నే తీసుకుంది. ఇలాంటి బడుల్లో, హాస్టళ్లలో ఎక్కువగా ఉండేది దళిత, ఆదివాసీ, బహుజన పిల్లలే. కాబట్టి ఈ విషయం డాక్టర్లకు మాత్రమే తెలిస్తే సరిపోదు. పేగులో ఏం జరుగుతుందో తెలిస్తే తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం, బాధ్యులు ఎవరో అడగడం మనకూ వీలవుతుంది.

ఒక్క కణం మందం గోడ

మనం తిన్న అన్నం పేగులో ఉన్నంతసేపూ నిజానికి శరీరానికి బయటే ఉన్నట్టు లెక్క. పేగు లోపలి పొర దాటి రక్తంలో కలిసినప్పుడే అది ఒంటికి పడుతుంది. ఆ పొర మందం ఎంతో తెలుసా? ఒకే ఒక్క కణం. పెద్దవాళ్లలో జీర్ణనాళం లోపలి వైశాల్యమంతా కలిపితే సుమారు 30 చదరపు మీటర్లు ఉంటుంది. అంత పెద్ద సరిహద్దును ఒక్క వరుస కణాలు కాస్తున్నాయి.

చిన్నపేగు లోపల వేళ్లలా పొడుచుకొచ్చిన చూషకాలు ఉంటాయి. పోషకాలను పీల్చుకునేది ఇవే. పక్కపక్కనున్న కణాల మధ్య సందుల్లేకుండా ప్రోటీన్లతో గట్టి కుట్లు వేసినట్టు ఉంటుంది. ఆ కణాల మీద జిగురు పొర ఉంటుంది. ఆ జిగురులో క్రిములను చంపే పదార్థాలు, ప్రతిరక్షకాలు కలిసి ఉంటాయి. వీటికి తోడు పేగులో కాపురముండే కోట్లాది మంచి బాక్టీరియాలు కొత్తగా వచ్చిన క్రిమికి చోటు, తిండి దొరకకుండా చేస్తాయి. వీటన్నిటికన్నా ముందు కడుపులోని ఆమ్లం ఉంది. లోపలికి వచ్చిన క్రిముల్లో చాలావాటిని అక్కడే చంపేస్తుంది.

ఈ పొరలోని కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. అందుకే మామూలు విరేచనాలు కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. అయితే కొత్త కణాలు పుట్టాలంటే తిండి, ప్రోటీన్లు, జింక్ కావాలి. అసలే రక్తహీనతతో, తక్కువ బరువుతో ఉన్న పిల్లల్లో ఈ మరమ్మతు ఆలస్యమవుతుంది. ఒకే గుండిగలో వండిన కూర తిన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు రెండు రోజుల్లో లేచి తిరగడం, ఇంకొకరు వారమైనా కోలుకోకపోవడం వెనుక ఇదొక పెద్ద కారణం.

విషం తినడం వేరు, క్రిమిని తినడం వేరు

'ఫుడ్ పాయిజన్' అన్న మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది, క్రిమి అన్నంలోనే పెరిగి విషాన్ని వదలడం. రెండోది, బతికున్న క్రిమి మన పేగులోకి వచ్చి అక్కడ దాడి చేయడం.

మొదటి రకానికి ఉదాహరణ స్టాఫిలోకాకస్ ఆరియస్. మన ముక్కులో, చర్మం మీద, చీము పట్టిన గాయాల్లో ఉంటుంది. వండిన పదార్థం గంటల తరబడి గది వేడిలో ఉంటే అందులో పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం మరిగించినా పోదు. మళ్లీ వేడి చేసి పెడితే క్రిమి చస్తుంది గానీ విషం మిగులుతుంది. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపే వాంతులు మొదలవుతాయి. బాసిల్లస్ సీరియస్ అన్నంలో కనిపించే క్రిమి. దాని స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపాలు, అన్నం ఉడికినా చావవు. రాత్రి మిగిలిన అన్నాన్ని బయటే ఉంచి పొద్దున పులిహోరగా కలిపి పెడితే ఏమవుతుందో ఊహించవచ్చు.

క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్‌ది ఈ రెంటికీ మధ్య దారి. దీని స్పోర్లు కూడా ఉడికినా బతుకుతాయి. వందల మందికి వండిన పెద్ద గుండిగ మెల్లగా చల్లారుతుంటే ఆ నులివెచ్చని వేడిలో ఇది పది నిమిషాలకే రెట్టింపు కాగలదు. మాంసం కూర, చిక్కటి పప్పు దీనికి బాగా అనుకూలం. కడుపులోకి వెళ్లాక పేగులో విషం వదిలి చూషకాల కొనల మీది కణాలకు రంధ్రాలు చేస్తుంది. 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు వస్తాయి.

సాల్మొనెల్లా: కణం చేతనే తలుపు తీయించే క్రిమి

ఇక రెండో రకం, అంటే పేగు గోడ మీదే దాడి చేసేవి. సరిగా ఉడకని గుడ్డు, కోడి మాంసం, పచ్చి మాంసం కోసిన కత్తితోనే తరిగిన ఉల్లిపాయలు, కలుషితమైన నీళ్లు... ఇవన్నీ సాల్మొనెల్లాకు దారులు.

కడుపు ఆమ్లాన్ని తట్టుకుని చిన్నపేగు చివరి భాగానికి చేరాక అది జిగురు పొరను ఈదుకుంటూ దాటి పేగు కణానికి అంటుకుంటుంది. దాని ఒంటి మీద సూది లాంటి గొట్టాలుంటాయి. ఆ సూదిని కణంలోకి గుచ్చి తన ప్రోటీన్లను లోపలికి ఎక్కిస్తుంది. కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ పోగులను ఆ ప్రోటీన్లు తమ ఇష్టానికి కదిలిస్తాయి. కణం పైపొర అలల్లా పైకి లేచి, క్రిమిని చుట్టుకుని, తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. మామూలుగా పేగు కణం బాక్టీరియాను మింగదు. ఇక్కడ సాల్మొనెల్లా దాని చేత మింగిస్తుంది. లోపలికి వెళ్లాక ఒక సంచిలో దాక్కుని, ఇంకో రకం సూదితో ఆ సంచిని తనకు క్షేమంగా మార్చుకుని సంతానం పెంచుకుంటుంది.

శరీరం ఊరుకోదు. ప్రమాదాన్ని పసిగట్టి తెల్లరక్తకణాలను పంపుతుంది. అవి పేగు పొరను చీల్చుకుంటూ వచ్చి పోరాడతాయి. జ్వరం, మెలిపెట్టే నొప్పి, విరేచనాలు చాలావరకు ఈ పోరాటం వల్ల వచ్చేవే. విచిత్రం ఏమిటంటే సాల్మొనెల్లా ఈ మంటను కూడా వాడుకుంటుంది. వాపు వల్ల పేగులో కొన్ని గంధకపు రసాయనాలు మారి టెట్రాథయోనేట్ అనే పదార్థం ఏర్పడుతుంది. మంచి బాక్టీరియాలకు పనికిరాని ఆ పదార్థాన్ని సాల్మొనెల్లా శ్వాసకు వాడుకుని వాటికన్నా వేగంగా పెరుగుతుందని 2010లో పరిశోధకులు చూపించారు. అంటే మన ఒళ్లు పెట్టిన మంట మీదే అది చలి కాచుకుంటుందన్న మాట.

దీని దగ్గరి బంధువే టైఫాయిడ్ క్రిమి. అది పెద్ద గొడవ లేకుండా పేగు గోడ దాటి రక్తంలోకి, కాలేయంలోకి వెళ్లి దాక్కుంటుంది. పేగులో విరేచనాలు పెద్దగా లేకపోయినా జ్వరం రోజురోజుకీ పెరుగుతుంది. చికిత్స అందకపోతే కొందరిలో మూడో వారానికి చిన్నపేగు చివర పుండ్లు పడి రంధ్రం ఏర్పడుతుంది. అప్పుడు ఆపరేషన్ తప్పదు.

షిగెల్లా: వెనుక నుంచి వచ్చే దాడి

రక్తం, జిగురు కలిసిన విరేచనాలకు పెద్ద కారణం షిగెల్లా. జపాన్ శాస్త్రవేత్త కియోషి షిగా 1897లో కనుగొన్నందున ఆ పేరు వచ్చింది. సాల్మొనెల్లా రోగం తేవాలంటే సాధారణంగా వేల సంఖ్యలో లోపలికి వెళ్లాలి. షిగెల్లాకు పది నుంచి వంద క్రిములు చాలు. అది పెరిగేది మనుషుల పేగుల్లోనే. అంటే ఎక్కడ షిగెల్లా దొరికినా, మనిషి మలం నీళ్లలోనో చేతుల మీదుగానో అన్నంలోకి చేరిందని అర్థం.

పేగు గోడలో అక్కడక్కడా ఎం కణాలు అనేవి ఉంటాయి. పేగులో ఏముందో నమూనాలు తీసి రోగనిరోధక వ్యవస్థకు చూపించడం వాటి పని. షిగెల్లా ఆ కాపలాదారు తలుపులోంచే లోపలికి వస్తుంది. అవతల కాచుకున్న తెల్లరక్తకణం దాన్ని మింగితే, లోపలి నుంచే ఆ కణాన్ని చంపి బయటపడుతుంది. ఆ తర్వాత పేగు కణాల మీద కింది వైపు నుంచి దాడి చేస్తుంది. పై వైపు కాపలా ఎంత గట్టిగా ఉన్నా లాభం ఉండదు.

కణంలోకి దూరాక అక్కడి ఆక్టిన్‌తోనే తోక కట్టుకుని, ఆ తోపుతో పక్క కణంలోకి దూసుకుపోతుంది. బయటికి రాకుండానే కణం నుంచి కణానికి పాకుతుంది కాబట్టి జిగురులోని ప్రతిరక్షకాలకు దొరకదు. అది పాకినంత మేరా పెద్దపేగు పొర చచ్చి రాలిపోతుంది, పుండ్లు పడతాయి. విరేచనంలో కనిపించే రక్తం ఆ పుండ్లదే.

ఈ.కోలైలో చాలా రకాలు మనకు హాని చేయవు. ఓ157 అనే రకం మాత్రం ప్రమాదకరం. మన దగ్గర షిగెల్లా అంత తరచుగా కనిపించదు గానీ దాని పద్ధతి తెలుసుకోదగ్గది. పేగు కణం మీద తనకు పట్టు దొరకదని, తను పట్టుకోవాల్సిన కొక్కేన్ని తనే కణంలోకి ఎక్కించి దానికి అంటుకుంటుంది. అంటుకున్న చోట పోషకాలు పీల్చే సన్నని నూగంతా చెరిగిపోతుంది. అది వదిలే షిగా విషం రక్తంలోకి వెళ్లి కొందరిలో, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఈ క్రిమికి ఆవులు, గేదెలు వంటి పశువుల పేగులే ప్రధాన స్థావరం. వాటికి ఏ హానీ లేకుండా పేడలో బయటికి వస్తుంది.

గంటల లెక్కే సాక్ష్యం

ఈ వివరాలన్నీ ఎందుకంటే, ప్రతి క్రిమికీ ఒక సమయం, ఒక దారి ఉన్నాయి. తిన్న రెండు మూడు గంటల్లోనే అందరూ వాంతులు చేసుకుంటే వండినది బయట ఎంతసేపు ఉందో అడగాలి. పది పన్నెండు గంటలకు నొప్పి, విరేచనాలు వస్తే పెద్ద గుండిగ ఎప్పుడు దింపారో, ఎప్పుడు వడ్డించారో అడగాలి. జ్వరంతో ఒకటి రెండు రోజుల తర్వాత వస్తే గుడ్లు, మాంసం, కత్తిపీటలు చూడాలి. రక్త విరేచనాలు ఒకరి తర్వాత ఒకరికి రోజుల తరబడి వస్తూ ఉంటే తాగునీటి సంపు, మరుగుదొడ్లు, సబ్బు చూడాలి. అలాంటప్పుడు 'నిన్నటి సాంబారు' మీద నెపం వేసి ఊరుకుంటే అసలు కారణం దాగిపోతుంది.

వండినది 70 డిగ్రీల దాకా ఉడకాలి, వడ్డించేదాకా 60 డిగ్రీల పైనే ఉండాలి, నిల్వ ఉంచాలంటే 5 డిగ్రీల కిందికి చేర్చాలి, గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎందుకో ఒక చిన్న లెక్క చూడండి. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఒక్క క్రిమి నాలుగు గంటల్లో 4,096 అవుతుంది. ఆరు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది.

ఇప్పుడు వంటమనిషి వైపు నుంచి ఆలోచించండి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వందల మందికి వండాలి. ఫ్రిజ్ లేదు, కొళాయి నీళ్లు లేవు, చేతులకు సబ్బు లేదు, పచ్చి మాంసానికి వేరే పీట లేదు. బిల్లులు నెలల తరబడి రావు. ఈ పరిస్థితుల్లో ఆమె ఎంత జాగ్రత్తగా ఉన్నా గంటల లెక్క ఆమె చేతిలో ఉండదు. ఆమెను తొలగిస్తే ఫైలు మూసుకుంటుంది. సంపు మాత్రం అలాగే ఉంటుంది.

మడి వేరు, శుభ్రత వేరు

మధ్యాహ్న భోజన పథకంలో వంటవాళ్లుగా దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. అయినా దళిత స్త్రీ వండిందని పిల్లలను తిననివ్వని ఊళ్లు నేటికీ ఉన్నాయి. సూక్ష్మజీవశాస్త్రం ప్రకారం చూస్తే ఆ అన్నంలో ఏ ప్రమాదమూ లేదు. ప్రమాదం ఉన్నది మూత లేని నీళ్ల సంపులో, చల్లారిన గుండిగలో. కులం చూపించే వైపు ప్రమాదం లేదు, ప్రమాదం ఉన్న వైపు కులం చూడదు.

1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ నాయకత్వంలో దళితులు చవదార్ చెరువు నీళ్లు తాగితే, ఆ తర్వాత పై కులాలవాళ్లు పేడ, గోమూత్రం కలిపిన కుండలు పోసి ఆ చెరువును 'శుద్ధి' చేశారు. తాగే నీళ్లలో పశువుల పేడ కలపడాన్ని శుద్ధి అన్నారంటే మడికీ శుభ్రతకూ సంబంధం లేదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఈ మడి వల్ల నష్టం దళితులకే పరిమితం కాదు. డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017లో ప్రచురించిన పుస్తకంలో ఉత్తర భారత గ్రామాల గురించి రాశారు. మరుగుదొడ్డి గుంత నిండితే దాన్ని ఖాళీ చేయడం అంటరాని పని అన్న భావన వల్ల చాలామంది చిన్న గుంతల మరుగుదొడ్లు వద్దనుకుని ఆరుబయటికే వెళ్తున్నారని వాళ్లు చూపించారు. ఆరుబయట పడ్డ మలం వానకు బావిలోకి, చెరువులోకి వెళ్తుంది. అంటరానితనం ఆ దారిన అందరి పేగుల్లోకీ తిరిగి వస్తుంది. అయితే అందరికన్నా ఎక్కువగా దెబ్బతినేది పల్లానికి, ఊరి మురుగు పారే వైపున ఉన్న వాడే.

ఆస్పత్రి దాకా రాని నష్టం

వార్తకెక్కే ఘటనలు కొన్నే. రోజూ కొద్దికొద్దిగా కలుషితమైన నీళ్లు తాగే పిల్లల్లో విరేచనాలు లేకుండానే చూషకాలు పొట్టిగా, మొద్దుగా మారిపోతాయి. కణాల మధ్య కుట్లు వదులవుతాయి. తిన్నది ఒంటికి పట్టదు, పేగు ఎప్పుడూ సన్నగా మండుతూనే ఉంటుంది. నోటి ద్వారా ఇచ్చే టీకాలు కూడా సరిగా పనిచేయకపోవడానికి ఇదొక కారణంగా భావిస్తున్నారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు దశాబ్దాల కిందటే దక్షిణ భారత గ్రామీణుల పేగుల్లో ఇలాంటి మార్పులను నమోదు చేశారు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఎస్సీల్లో ఇది దాదాపు 39 శాతం, ఎస్టీల్లో దాదాపు 41 శాతం. ఇందులో తిండి పాత్ర ఎంతో, తల్లి ఆరోగ్యం పాత్ర ఎంతో, పేగు పాత్ర ఎంతో విడదీయడం కష్టం. కానీ ఒక సంగతి స్పష్టం. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో జరిగిన పెద్ద ప్రయోగాల్లో సబ్బు, క్లోరిన్, సాదా మరుగుదొడ్లు ఇచ్చినంత మాత్రాన పిల్లల ఎత్తు పెరగలేదు. చేతులు కడుక్కోండని పోస్టర్లు అంటిస్తే సరిపోదు. ఇంటింటికీ శుభ్రమైన కొళాయి నీరు, మూసిన మురుగు కాల్వలు కావాలి. అది వ్యక్తి అలవాటుకు సంబంధించిన విషయం కాదు, ప్రభుత్వ ఖర్చుకు సంబంధించిన విషయం.

ముందుగా ప్రాణం

విరేచనాల్లో ప్రాణం తీసేది ఎక్కువగా ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే. పేగు దెబ్బతిన్నా గ్లూకోజ్‌తో పాటు సోడియంను, వాటితో నీటిని లోపలికి తీసుకునే దారి చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ ఆ దారినే వాడుకుంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ ద్రావణం కలిపి తాగించి మరణాలను బాగా తగ్గించారు. ప్రతి హాస్టల్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు అందుబాటులో ఉండాలి. ఐదేళ్లలోపు పిల్లలకు డాక్టర్ సలహాతో జింక్ కూడా ఇవ్వాలి. విరేచనంలో రక్తం, తగ్గని జ్వరం, మూత్రం రాకపోవడం, మగత కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రక్త విరేచనాలకు సొంతంగా విరేచనాలు ఆపే మాత్రలు వేయకూడదు. యాంటీబయాటిక్ వేయాలో వద్దో డాక్టరే చెప్పాలి. ఓ157 రకంలో అవి కిడ్నీలకు ముప్పు పెంచవచ్చు.

మనం అడగాల్సినవి

ఘటన జరిగిన రోజే ఈ పనులు చేయాలి. ఎవరు ఏం తిన్నారు, ఎవరికి ఎన్ని గంటలకు ఏ లక్షణం మొదలైంది అన్న జాబితా రాయండి. తిని కూడా బాగున్న పిల్లల పేర్లు కూడా అందులో ఉండాలి. తేడా తెలిసేది వాళ్ల వల్లే. మిగిలిన అన్నం, కూర పారబోయకుండా, సంపు నీళ్లతో సహా నమూనాలు తీయించండి. వీలైనంత వరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మల పరీక్షకు నమూనా తీయమని డాక్టర్ను అడగండి. ఆ తర్వాత తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. అప్పుడు 'కారణం తెలియలేదు' అన్న నివేదికే మిగులుతుంది.

2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 'ఆహార వ్యాపారం' అంటే ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, లాభం కోసమైనా కాకపోయినా, అందులోకి వస్తుంది. ఆ చట్టం 65వ సెక్షన్ సురక్షితం కాని ఆహారం వల్ల మరణిస్తే 5 లక్షల రూపాయలకు తగ్గకుండా, తీవ్రంగా గాయపడితే 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు పరిహారం చెబుతోంది. 2015 మధ్యాహ్న భోజన నియమాల్లో భోజనాన్ని ల్యాబులో పరీక్షించాలన్న నిబంధన ఉంది. మీ జిల్లాలో గత ఏడాది ఎన్ని నమూనాలు పరీక్షించారు, ఫలితాలు ఏమిటి అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టమే అంటోంది.

ఏ క్రిమి అన్న ప్రశ్నకు జవాబు వచ్చేదాకా విచారణ పూర్తయినట్టు ఒప్పుకోవద్దు. క్రిమి పేరు తెలిస్తే అది వచ్చిన దారి తెలుస్తుంది. ఆ దారిలో లేని కొళాయి, రాని ఫ్రిజ్, ఆగిన బిల్లు, కడగని సంపు అన్నీ కనిపిస్తాయి. అప్పుడు జవాబు చెప్పాల్సింది వంటమనిషి ఒక్కతే కాదని కూడా కనిపిస్తుంది.